చలికాలం కొత్తిమీర: కుండీ తవ్వి చూడకండి

ధనియాలు చల్లి వారం అయింది, ఒక్క మొలకా లేదని కుండీ తవ్వి చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి తవ్వకండి. కొత్తిమీర మొలవడానికి మామూలుగానే 8-10 రోజులు పడుతుంది. డిసెంబరు, జనవరి చలికి 2 వారాలు కూడా పట్టొచ్చు.

ముందు ధనియం సంగతి చూద్దాం. మనం గింజ అనుకునేది నిజానికి ఒక కాయ. లోపల 2 విత్తనాలుంటాయి. అందుకే పేపర్ మీద పోసి, చపాతీ కర్రతో మెల్లగా నొక్కితే రెండు బద్దలవుతాయి. మా అమ్మమ్మ వాళ్లయితే చెప్పుతో రుద్దేవారు, అదీ పనిచేస్తుంది. పొడి మాత్రం చేయకండి, అది సాంబారుకి! రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు వంపేసి, సెంటీమీటరు లోతులో వేసి మట్టి కప్పండి. వంటింట్లో ఉన్నవే చాలు. కాకపోతే వేయించినవీ, ఏళ్లనాటివీ మొలవవు. కుండీ కనీసం 6 అంగుళాల లోతు ఉండాలి. తల్లివేరు నిటారుగా కిందికి దిగుతుంది కాబట్టి, మొక్క పీకి ఇంకోచోట నాటితే బతకడం కష్టం.

ఇక ఎండ. అద్దె ఫ్లాట్లలో అసలు తిప్పలు ఇక్కడే. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. డిసెంబరు 21 మధ్యాహ్నం హైదరాబాద్‌లో నడినెత్తికి రాడు, సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఎండ లోపలిదాకా వస్తుంది. ఉత్తరం బాల్కనీకి నేరుగా పడదు. వాళ్లు కొత్తిమీర జోలికి పోకుండా పుదీనా పెట్టుకోవడం మేలు. అది తక్కువ ఎండకూ సర్దుకుపోతుంది. మార్కెట్ కట్టలో ముదురు కాడలు ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి. దాన్ని వేరే కుండీలోనే నాటండి, పక్కవాటిని బతకనివ్వదు.

ఓపిక లేనివాళ్లకి మెంతులు. 3-4 రోజుల్లో మొలక, నెల లోపే పప్పులోకి మెంతికూర.

నీళ్లు రోజూ పోయకండి. వేలు పెట్టి చూడండి, పైమట్టి ఆరితేనే, అదీ పొద్దునే. రాత్రి పోస్తే చలికి తడి ఆరదు, లేత మొక్కలు మొదట్లోనే కుళ్లి వాలిపోతాయి.

శివరాత్రి దాటి ఎండ ముదిరితే కొత్తిమీర పూతకొస్తుంది, ఆకు సన్నబడుతుంది. అయినా పీకేయకండి. పూలకి తేనెటీగలొస్తాయి. కాయలు ఎండాక దాచిపెట్టండి, వచ్చే కార్తీకానికి అవే మీ విత్తనాలు.