దీపం లేని ఇల్లు, కర్బనం లెక్క



1902వ సంవత్సరంలో కావేరీ తీరాన శివనసముద్రంలో పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. అంత దూరపు సరఫరా భారతదేశంలో అదే ప్రథమం. బెంగళూరు వీధిదీపాలు సైతం ఆ పిమ్మట, 1905లో వెలిగినవే. ఆ తీగల క్రిందనున్న పల్లెలలో మాత్రం మరికొన్ని దశాబ్దాలు కిరసనాయిలు బుడ్లే వెలిగాయి. నెత్తిమీదుగా సాగిపోయే విద్యుత్తు గడప దాటి లోనికి రాకపోవడమే ఇంధన పేదరికం.

భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో కోట్లాది పేద ఇండ్లకు విద్యుత్తు, గ్యాసు అందజేస్తే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, మరింత పెరగదా అన్న సందేహం చదువుకున్నవారి నోటనే తరచు వినవస్తుంది. భయం సహజమే గాని లెక్క దానిని బలపరచదు. 1981 నుండి 2011 వరకు దేశంలో సుమారు 65 కోట్ల మందికి ఇంట విద్యుత్తు అమరింది. ఆ ముప్పది ఏండ్లలో ఉద్గారాలు పెరిగిన మేరలో ఈ కొత్త కనెక్షన్ల వాటా నూటికి మూడు నాలుగు పాళ్ళేనని శొనాలి పచౌరి 2014లో ప్రకటించిన పరిశోధన తేల్చింది.

ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం వేయగల లెక్క ఒకటి ఉన్నది. తొమ్మిది వాట్ల ఎల్‌ఇడి బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే ఏడాదికి 16 యూనిట్ల పైచిలుకు ఖర్చవుతుంది. అదంతా బొగ్గు విద్యుత్తే అనుకున్నా, యూనిట్‌కు సుమారు కిలో చొప్పున 16 కిలోల వాయువు వెలువడుతుంది. నెలకు రెండు లీటర్ల కిరసనాయిలు త్రాగే బుడ్డి ఏడాదికి సుమారు 60 కిలోలు వెలువరిస్తుంది. వెలుగు మాత్రం బల్బు వెలుగులో అత్యల్పం. పైగా ఒత్తిదీపంలో కాలిన కిరసనాయిలులో నూటికి 7 నుండి 9 పాళ్ళు మసిగా మారుతుంది. ఎండ వేడిని పీల్చుకొనే ఆ నల్లని మసి కూడా వాతావరణానికి చేటే. 2001 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి 43 ఇండ్లకు కిరసనాయిలే వెలుగు!

దీపం కథ ఇటీవల చాలావరకు మారింది. పొయ్యి కథ అంతగా మారలేదు. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి కోట్ల ఇండ్లకు గ్యాసు కనెక్షన్ చేరింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గ్రామీణ కుటుంబాలలో నూటికి 43 మాత్రమే శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నట్లు తేలింది. బండ తెచ్చుకోవడం ఒక ఎత్తు, అయిపోయిన బండ మార్చుకోవడం మరొక ఎత్తు. కూలి దొరకని నెలలో బండ మూల చేరుతుంది, కట్టెలపొయ్యి మళ్ళీ రాజుకుంటుంది. కట్టె ఏరే పని ఆడపిల్లది, పొగ తల్లి కన్నులది.

సగటు భారతీయుని వాటా ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికా పౌరునిది 14 టన్నులు. ఆ 2 టన్నుల సగటులోనే పట్టణపు ఎయిర్ కండిషనర్లూ, కట్టెలపొయ్యీ కలిసిపోయాయి. పొదుపు చేయవలసింది ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు.

బొగ్గు బాధ్యత మాత్రం తప్పదు. 2003 నుండి ఒడిశాలోని తాల్చేర్‌లో బొగ్గు కాల్చి తీసిన విద్యుత్తు కోలారుకు వస్తున్నది. వెలుగు దక్షిణాదికి, బూడిద తాల్చేర్‌కు. తుమకూరు జిల్లా పావగడలో రైతుల మెట్టభూములను కౌలుకు తీసుకొని 2050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం నెలకొల్పారు. అయితే పల్లెలో దీపం, వంట, చదువు అవసరమయ్యేది ప్రొద్దు క్రుంకిన పిమ్మటే. పగటి విద్యుత్తును రాత్రికి నిలువ ఉంచే బ్యాటరీలు చాలినన్ని సమకూరేవరకు తాల్చేర్ బొగ్గు మండుతూనే ఉంటుంది.