ముఖమున వాపు, రక్తమున చక్కెర
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ముక్కుమీద సెగగడ్డ లేచినచో సున్నము పట్టించుట, పిప్పిపన్ను సలిపినచో లవంగము నొక్కి పరుండుట మన యిండ్లలో తాతలనాటి యలవాటు. ఆరోగ్యవంతులకు చాలమారులు ఇంతతోనే గడచిపోవును. మధుమేహము గలవారికి గడవకపోవచ్చునని మనవి చేయుటకే మేము నిలిచితిమి.

2021వ సంవత్సరపు వేసవిని తలచుకొనుడు. కరోనా నుండి కోలుకొనినవారిలో పలువురు ముఖమున ఒకవైపు నొప్పితో, బుగ్గవాపుతో మరల ఆసుపత్రులకు వచ్చిరి. అది మ్యూకర్‌మైకోసిస్, జనులు బ్లాక్ ఫంగస్ అనిరి. ఆ జులై నాటికి దేశమున 45 వేలకు పైగా రోగులు లెక్కకు వచ్చిరి. అందు మన మహారాష్ట్రమువారే అధికము. హైదరాబాదున కోఠీలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఈ చికిత్సకు ముఖ్యకేంద్రమాయెను. కొందరికి పైదవడను, కొందరికి కన్నునే తీసివేయవలసి వచ్చెను.

ఈ బూజు క్రొత్తది కాదు. మట్టిలో, కుళ్ళిన ఆకులలో ఎప్పుడును ఉండునదే. దాని రేణువులను మనమందరము పీల్చుచునే యున్నాము. అదుపు తప్పిన చక్కెర, స్టెరాయిడ్ మందులు కలిసినచోట అది చెలరేగెను. ఆ మందు చక్కెరను పెంచును, రోగమును ఎదిరించు శక్తిని తగ్గించును. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులలో పెక్కుమంది ప్రాణములను నిలిపినదియు ఆ మందే. వైద్యుని చీటీ లేక కొని మ్రింగుటయే కీడు.

కరోనా లేకున్నను జాగ్రత్త తప్పదు. ముక్కు, పైపెదవి ప్రాంతపు సిరలకు కంటి వెనుక సిరలతో సంబంధము కలదు. అచటి గడ్డను గిల్లి పిండినచో చీము లోనికి ప్రాకవచ్చును. మధుమేహులకు, మూత్రపిండము మార్పిడి చేయించుకొనినవారికి, కేన్సరు మందులు వాడువారికి ఈ భయము హెచ్చు. పొగాకు నమలువారి చిగుళ్ళు సరేసరి.

ఒకవైపు బుగ్గ తిమ్మిరి, ముక్కున నల్లని పక్కు, పండ్లు కదలుట, ఒకటి రెండుగా కనబడుట — వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు.

బొబ్బట్లన్నను పూరణ్‌పోళీ యన్నను బెల్లమొక్కటే. భాష మార్చిన చక్కెర తగ్గదు. మన పెద్దలు మాత్రము దంతవైద్యుడు అడిగినను "నాకేమియు లేదు నాయనా" అందురు. విష్ణుపురిలోని ప్రభుత్వ ఆసుపత్రికి పోయినను, వీధిచివరి దవాఖానాకు పోయినను, చివరి చక్కెర పరీక్ష అంకెను, వాడు మందుల పేర్లను కాగితముపై వ్రాసి వారి చేతికిచ్చి, ఇంటిలోని పడుచువారొకరిని తోడుగా పంపుడు.