అంకె ఉంది, పేరు లేదు

ఈరోజు ఒక రాయి గురించి మాట్లాడుకుందాం.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పాత చావడి గోడకి ఒక చలువరాయి పలక ఉంది. చిన్నప్పుడు బంతి దానికి తగిలితే అవుట్ అని ఆడుకునేవాళ్ళం. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు సున్నం గీకి చదివాను. ఇంగ్లిష్‌లో రెండే ముక్కలు. 1914-1919 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. అంతే. అంకెలున్నాయి, ఒక్క పేరు లేదు.

ముందు నాకు 1919 దగ్గరే డౌటొచ్చింది. యుద్ధం ఆగింది 1918 నవంబర్ 11న కదా, చెక్కినాయన తప్పు చెక్కాడా అనుకున్నా. కాదు. ఆ రోజు ఆగింది కాల్పులే. జర్మనీతో సంధి మీద సంతకాలు అయింది 1919 జూన్ 28న, వెర్సాయ్‌లో. మన దేశం తరఫున బికనీర్ మహారాజా గంగాసింగ్ కూడా సంతకం పెట్టాడు.

ఇలాంటి పలకలు మన దేశంలో చాలా ఊళ్ళలో ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ళ కాలం నాటివి. మాటలు దాదాపు అవే, ఊరిని బట్టి అంకె మారుతుందంతే. ఫారం నింపినట్టు.

అసలు విషయం ఇది. అమ్మమ్మ వాళ్ళ తాతగారి తమ్ముడు ఒకాయన 'బస్రా పోయాడు' అంటారు ఇంట్లో. తిరిగి రాలేదు. అంటే ఆ రెండో అంకెలో ఆయన ఒకడు. బస్రా ఇరాక్‌లో ఉంది. అక్కడ 40,000 మందికి పైగా సైనికుల గుర్తుగా ఒక పెద్ద స్మారకం కట్టారు. అక్కడైనా పేరుంటుందని ఆశపడ్డా. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, మన ఆఫీసర్ల పేర్లూ చెక్కారు. మామూలు సిపాయిలకి మాత్రం మళ్ళీ అంకే! ఇలాంటి వివక్షకి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది.

ఆ కమిషన్ సైట్‌లో చనిపోయినవాళ్ళ రికార్డులు ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు. కొన్నిటిలో తండ్రి పేరు, ఊరు పేరు కూడా ఉంటాయి. అమ్మమ్మకి ఫోన్ చేసి ఆయన పేరేంటి అని అడిగా.

"చిన్నోడు అనేవాళ్ళురా. అసలు పేరు మా నాయనకే తెలుసు" అంది.

బ్రిటిష్ వాళ్ళ మీద కోపంతో మొదలుపెట్టిన నేను అక్కడ ఆగిపోయాను. మా ఇంట్లో కూడా పేరు లేదు.

ఊరు పేరుని నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికా, ఇంకా దొరకలేదు. అమ్మమ్మ పెద్దమ్మ కూతురు ఒకావిడ భీమవరంలో ఉన్నారు, తొంభై దాటాయి. ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్తున్నా. మీ ఊళ్ళో కూడా ఏ చావడి గోడకో ఇలాంటి పలక ఉంటే, సున్నం వేసేలోపు ఒక ఫోటో తీసి పెట్టండి.