చేరే ముందు వెనక్కొచ్చే దారి

ఈరోజు పట్టాలు అందుకుంటున్న ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. విద్యార్థులందరికీ మనసారా అభినందనలు.

ఇలాంటి సభల్లో ఆశయాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను ఉద్యోగాల గురించి మాట్లాడతాను. మీలో చాలామంది ఒక విషయం తేల్చుకోలేకపోతున్నారని మీ మేష్టార్లు చెప్పారు. కొంపల్లిలోనో అమీర్‌పేటలోనో ఒక ప్రైవేటు లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా, లేక కాస్త అనుభవం సంపాదించి ఒమన్‌, సౌదీ, ఇథియోపియా లాంటి దేశాల్లో యూనివర్సిటీ కొలువుకి వెళ్ళాలా అని. నేను రెండు చోట్లా పనిచేశాను, రెండు జీతాలతోనూ ఇల్లు నడిపాను. అందుకే ఈ మాట మీతో చెప్పే చనువు తీసుకుంటున్నాను.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి ఒక కేంద్ర సంస్థ పెట్టారు. 1972లో అది సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. పాతవాళ్ళకి ఇప్పటికీ సీఫెలే. అక్కడ చదివినవాళ్ళు, ఉస్మానియాలో, కాకతీయలో, ఆంధ్రాలో ఎం.ఏ.లు చేసినవాళ్ళు యెమెన్‌, లిబియా, ఎరిత్రియా, ఇథియోపియా, గల్ఫ్ దేశాల తరగతి గదుల్లో ఇంగ్లీషు చెప్పారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఇక్కడ ఇళ్ళు లేచాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి. పత్రికలకెక్కని వలస ఇది. ఐటీ వాళ్ళ గురించి రాసినంతగా ఈ లెక్చరర్ల గురించి ఎవరూ రాయలేదు.

విదేశీ విశ్వవిద్యాలయం అనగానే మనవాళ్ళకి వెల్చేరు నారాయణరావు గారు గుర్తొస్తారు. ఏలూరులో కాలేజీ లెక్చరరుగా ఉన్న ఆయన అమెరికా వెళ్ళి, విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయంలో 38 ఏళ్ళు తెలుగు సాహిత్యం చెప్పారు. ఆ గౌరవం నిజమే. కానీ అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పే ఉద్యోగాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. అక్కడి తెలుగు పిల్లల్లో ఎక్కువమంది అక్షరాలు దిద్దుకునేది 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడి లాంటి వారాంతపు బడుల్లో. అక్కడ చెప్పేవాళ్ళు స్వచ్ఛందంగా చెబుతారు, జీతం కోసం కాదు. ఆ సేవకి చేతులెత్తి దండం పెడతాను. మీ జీవనోపాధికి మాత్రం అది దారి కాదు.

ముందు ఇక్కడి లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ సంగతి చూద్దాం. దాన్ని చిన్నచూపు చూడకండి. పాఠం చెప్పడం అనే పని అంత త్వరగా, అంత గట్టిగా నేర్పే చోటు మరొకటి లేదని నా నమ్మకం. కాలేజీలో పాఠం అర్థం కాకపోయినా హాజరు కోసం కూర్చుంటారు. ఇన్‌స్టిట్యూట్‌లో అర్థం కాని మనిషి మర్నాడు రాడు. పొద్దున ఆరున్నర బ్యాచ్‌లో ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చిన కుర్రాడు ఉంటాడు. సాయంత్రం బ్యాచ్‌లో జర్మనీ వెళ్ళాలనుకునే నర్సమ్మ ఉంటుంది. ఆమెకి కావలసింది వ్యాకరణ సూత్రం కాదు, బి2 స్థాయి జర్మన్‌ పరీక్ష గట్టెక్కడం, ఆ తర్వాత రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడగలగడం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకు జర్మన్‌ నేర్పించి పంపుతోందంటే ఈ పని ఎంత అవసరమో ఊహించుకోండి. దోమలగూడలో రామకృష్ణ మఠం వారి వివేకానంద భాషా సంస్థ 1979 నుంచీ నడుస్తోంది. యూనివర్సిటీ కాకుండానే భాషని గౌరవంగా చెప్పవచ్చని ఈ నగరానికి చూపించిన చోటు అది.

అయితే అన్ని చోట్లా ఆ గౌరవం దొరకదు. నేను మొదట పనిచేసిన ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన రోజే ఎస్సెస్సీ మెమో నుంచి పీజీ పట్టా దాకా ఒరిజినల్స్ అన్నీ తీసుకుని బీరువాలో పెట్టారు. అపాయింట్‌మెంట్ లెటర్ మాత్రం ఇవ్వలేదు. డెమో క్లాసులకి డబ్బు లేదు, అడ్మిషన్లు తగ్గిన నెల సగం జీతం. వేరే చోట మంచి అవకాశం వచ్చినప్పుడు నా పట్టా నా చేతికి రావడానికి నేను బతిమాలుకోవలసి వచ్చింది. ఆ బీరువా ముందు నిలబడ్డప్పుడే ఉద్యోగాన్ని తూచే పద్ధతి నాకు తెలిసొచ్చింది. ఈ ఉద్యోగం ఎంత ఇస్తుందన్నది రెండో ప్రశ్న. రేపు నేను వెళ్ళిపోతానంటే నన్ను క్షేమంగా, నా కాగితాలతో, నా డబ్బుతో వెళ్ళనిస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఈరోజు నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే.

పెద్ద కంపెనీ అయితే భద్రం అనుకోకండి. జపాన్‌లో 1981లో మొదలైన నోవా అనే ఇంగ్లీషు స్కూళ్ళ సంస్థ ఆ దేశంలోకెల్లా పెద్దదిగా ఎదిగింది. విద్యార్థుల దగ్గర పెద్ద మొత్తాలు ముందే కట్టించుకునే పద్ధతి దానిది. ఒప్పందాల్లో మోసం ఉందని 2007లో ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఆ అక్టోబరులో సంస్థ చేతులెత్తేసింది. వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేకుండా మిగిలారు. వాళ్ళ జీతంలోంచి ఇంటి అద్దె కోసుకున్న కంపెనీ దాన్ని ఇంటి యజమానులకు కట్టకపోవడంతో కొందరిని ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. చైనాలో 2021 జూలైలో బడి పాఠాల ప్రైవేటు ట్యూషన్‌ లాభాపేక్షతో నడపకూడదని ప్రభుత్వం ఆదేశించేసరికి ఆ రంగమే కుప్పకూలింది. ప్రైవేటు స్కూలుకి కష్టం వస్తే మొదట ఆగేది టీచరు జీతమే.

ఇక విశ్వవిద్యాలయం. అక్కడ దొరికే గొప్ప సంపద సమయం. వారానికి కొన్ని గంటల పాఠాలు, మిగతా వేళ చదువుకోవచ్చు, పేపర్లు దిద్దవచ్చు, రాసుకోవచ్చు. లైబ్రరీ ఉంటుంది. మీ పేరు ముందు డాక్టరో లెక్చరరో ఉంటుంది. పిల్లలు మర్యాద ఇస్తారు. గల్ఫ్‌లో నాకు దొరికిన ఆ ప్రశాంతమైన మధ్యాహ్నాల్లోనే నా పరిశోధన ముందుకు సాగింది. ఆ రుణం మరిచిపోను.

కానీ యూనివర్సిటీలో పనిచేయడం వేరు, యూనివర్సిటీ ఉద్యోగి కావడం వేరు. సౌదీలో మొదటి సంవత్సరం ఇంగ్లీషు పాఠాలకి టీచర్లని సరఫరా చేసేది చాలాచోట్ల కాంట్రాక్టు కంపెనీలు. బోర్డు యూనివర్సిటీది, వీసా కంపెనీది. టెండరు మారితే మీరూ మారాలి. నేరుగా యూనివర్సిటీయే తీసుకున్నా అది ఏడాదికో రెండేళ్ళకో పునరుద్ధరించే ఒప్పందం. ఆ దేశం వాళ్ళు చదువుకుని వస్తున్నకొద్దీ ఆ కుర్చీలు వాళ్ళవి అవుతాయి, కావాలి కూడా. దక్షిణ కొరియా అయితే ఇంగ్లీషు టీచరు వీసాకి ముందుగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఏడు దేశాల పౌరులనే చూస్తుంది. మన దేశంతో కుదిరి 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల మాత్రమే మనవాళ్ళకి అక్కడి బడుల్లో కొంత చోటు దొరికింది. మీ ఇంగ్లీషు ఎంత బాగున్నా పాస్‌పోర్టు రంగు చూసి తూచేవాళ్ళు ఉంటారు. అది అన్యాయం. అన్యాయమని తెలిసే వెళ్ళండి, మీలో లోపం ఉందేమోనని కుంగిపోకండి.

ఒక సంగతి చెప్పకుండా దాటలేను. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులు ఇంటికి బయల్దేరిన దారిలో అపహరణకి గురయ్యారు. ఇద్దరు కొద్దిరోజుల్లోనే విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్ళు. 2016 సెప్టెంబరు దాకా, ఏడాదికి పైగా, బందీలుగానే ఉన్నారు. ఆ కుటుంబాలు ఇక్కడ ఎలా గడిపాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2015 ఏప్రిల్‌లోనే యెమెన్‌ నుంచి నాలుగు వేల ఆరు వందల మందికి పైగా భారతీయుల్ని మన ప్రభుత్వం ఓడల్లో, విమానాల్లో తరలించింది. అలాంటి చోట్ల మన లెక్చరర్లు ధైర్యం చాలకో తెలివి చాలకో చిక్కుకోలేదు. చాలామంది జీతం బకాయిలు చేతికొస్తాయని ఆగారు, ఇక్కడ అప్పులు ఉండి ఆగారు. అందుకే గట్టిగా చెబుతున్నాను: విదేశాంగ శాఖ వద్దని హెచ్చరించిన దేశానికి ఎంత జీతమిచ్చినా వెళ్ళకండి. వెళ్ళిన దేశంలో కాల్పులు మొదలైతే బకాయిలు వదిలేసి రండి. తల్లిదండ్రులారా, అప్పుడు పిల్లలు ఫోన్‌ చేస్తే ఇంకో రెండు నెలలు ఓపిక పట్టమనకండి.

కాగితాల గురించి త్వరగా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో వరుస తిరగబడి ఉంటే అటెస్టేషన్‌ దగ్గర నెలలు పోతాయి, ఇప్పుడే సరిచేయించుకోండి. ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైనవాడో కాదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. చట్టం ప్రకారం అతను మీ దగ్గర తీసుకోగల సేవారుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్షలడిగేవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. సౌదీ కార్మిక చట్టంలో సర్వీసు ముగిసినప్పుడు మొదటి అయిదేళ్ళకి ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున ఇవ్వాలని ఉంది. ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి. ఇక్కడి ఉద్యోగంలోనూ హక్కులున్నాయి. ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ ఇవ్వాలన్న 2009 సవరణని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. అడగడం తప్పు కాదు.

మరి ఏది ఎంచుకోవాలి? నా అభిప్రాయం దాచను. మొదటి రెండు మూడేళ్ళు ఇక్కడే, మంచి లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరండి. పాఠం చెప్పడంలో చేయి తిరిగేది అక్కడే. ఆ ఏళ్ళలోనే నెట్‌ రాయండి, ఇఫ్లూ దూరవిద్యలో టీచింగ్ సర్టిఫికెట్ చేయండి. ఆ తర్వాత యూనివర్సిటీ నేరుగా సంతకం పెట్టే ఉద్యోగం దొరికితే, ప్రశాంతమైన దేశమైతే, వెళ్ళండి. అక్కడి సమయాన్ని పీహెచ్‌డీకి వాడండి. యూజీసీ 2018 నిబంధనల్లో విదేశీ బోధనానుభవాన్ని కూడా షరతులతో లెక్కలోకి తీసుకునే వీలుంది. అందుకని ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో హోదా, పూర్తికాలమన్న మాట, తేదీలు రాయించుకోకుండా విమానం ఎక్కకండి. ఇంటి అప్పు తీర్చడం ఒక్కటే లక్ష్యమై వెళ్తే ఆ అప్పు తీరాక ఇంకోటి పుడుతుంది, మీరు మాత్రం వెళ్ళినప్పటి ఎం.ఏ.తోనే తిరిగొస్తారు. అలా వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

అమ్మాయిలకి ప్రత్యేకంగా ఒక మాట. చాలా సౌదీ విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లల క్యాంపస్‌లు వేరుగా ఉంటాయి, అక్కడ చెప్పడానికి ఎక్కువగా మహిళా లెక్చరర్లే కావాలి. పెళ్ళయ్యాక చూద్దాంలే అని ఈ అవకాశాన్ని మీ ఇళ్ళల్లో పక్కన పెడతారు. ఒప్పందం కాగితం చేత్తో పట్టుకుని ఇంట్లో మాట్లాడండి. నాన్నగార్లు ఇక్కడే ఉన్నారు, వింటున్నారు.

చివరగా, మేడ్చల్‌, కొంపల్లి, అల్వాల్‌ నుంచి వచ్చిన ఇన్‌స్టిట్యూట్ యజమానులకి ఒక విన్నపం. వచ్చే నెల ఈ పిల్లలు మీ దగ్గరికి ఇంటర్వ్యూకి వస్తారు. ఒరిజినల్స్ చూసి, జిరాక్సులు తీసుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. అపాయింట్‌మెంట్ లెటర్ చేతిలో పెట్టాకే మొదటి బ్యాచ్ అప్పగించండి. ఈ రెండూ చేస్తామని ఈరోజు ఈ వేదిక మీదే మీలో ఒక్కరు లేచి మాట ఇస్తే, నా తర్వాత మైకు వాళ్ళకే ఇమ్మని ప్రిన్సిపాల్ గారిని కోరుతున్నాను.