మందు చీటీ – ఎర్ర గీత



వానాకాలం వస్తే చర్ల, దుమ్ముగూడెం నుంచి భద్రాచలం దాకా జ్వరాలే. డెంగీ వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. మలేరియాకు మందు వేరు. అయినా రక్తపరీక్షకు ముందే ఆ బిళ్లలు ఇచ్చేవారున్నారు, అడిగి పుచ్చుకునేవారూ ఉన్నారు.

అరకొర మందుకు చావని క్రిములు మొండికెత్తుతాయని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించారు. రేపు మనలో ఎవరికైనా ఆపరేషన్ గాయం చీము పడితే ఏ మందు పనిచేస్తుంది?

2014 నుంచి షెడ్యూల్ హెచ్‌1 మందులు అమ్మే దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. గుమాస్తాగా నాకు తెలిసినది ఒకటే: అడిగేవారుంటేనే రిజిస్టరు నిండుతుంది.

ఎర్ర గీత ఉన్న మందు చీటీ లేకుండా కొనకండి. ఆసుపత్రిలో "ఇది దేనికి, ఎన్ని రోజులు?" అని మర్యాదగా అడగండి. మిగిలిన బిళ్లలు మనవలకు వేయకండి.

సెలవు.