పడవ బీమా: పంచాయతీలు విచారింపవలసిన సంగతులు

(రాజవొమ్మంగిలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రాజవొమ్మంగి చెంత గోదావరి పారుటలేదు. ఇచట పడవల బీమా ప్రసక్తి యేల యని మీరు తలపవచ్చును. కాని దేవీపట్నము వైపు ఏటిగట్టు గ్రామములలో మీ చుట్టములు గలరు. 2018 మే 15వ తేదీన కొండమొదలునుండి బయలుదేరి, మంటూరువద్ద గాలివానకు మునిగిన లాంచిలో పెక్కుమంది గిరిజనులే. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద 77 మందితో విహారపు పడవ మునిగినది. బ్రతికి బయటపడినవారు 26 మంది. వారిని ఒడ్డు చేర్చుటకు మొదట పడవలు వేసికొని వెళ్లినది ఆ తీరపు గిరిజనులే. వారి సాహసమును మేమిచట స్మరింపకుండ ఉండలేము.

కచ్చులూరు దుర్ఘటన పిమ్మట మృతుల కుటుంబములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పది లక్షల రూపాయల చొప్పున ప్రకటించెను. అది సహాయము. నష్టపరిహారము వేరు, అది హక్కు. దానిని చెల్లింపవలసినవాడు పడవ యజమాని. అతడెచటినుండి తెచ్చి ఇచ్చును? అతని ఆస్తి ఆ పడవయే యైనచో, అదియు ఏటి అడుగున చేరినది గదా! ఈ కారణముచేతనే చట్టము బీమాను యజమాని ఇష్టమునకు విడువలేదు. బస్సులకు, లారీలకు గల నిర్బంధ బీమా నియమములను 1977 నాటి సవరణ మరపడవలకును వర్తింపజేసెను. 1917 నాటి పాత చట్టమునకు బదులుగా వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టము కూడ మరణమునకు, గాయమునకు, ఆస్తినష్టమునకు బాధ్యత వహించు బీమా ఉండవలెనని విధించినది.

రేవున మీరు పత్రము చూపుమని అడిగినపుడు యజమాని ఏదో ఒక బీమా కాగితము చూపవచ్చును. దానిని చదివింపుడు. పడవకు మాత్రమే చేసిన బీమా యైనచో పడవ పోయినందుకు అతనికి సొమ్ము వచ్చును; ప్రయాణికుని కుటుంబమునకు దానివలన ఒక్క కాసు రాదు. ప్రయాణికుల పట్ల బాధ్యత అందున్నదా, ఎందరికున్నది, గడువు ఎన్నడు తీరును అను మూడు సంగతులు విచారింపుడు. మరలేని నాటుపడవల సంగతి వేరు. వాటిని పంచాయతీ స్థాయిలోనే నమోదు చేయించుటకు కొత్త చట్టము వీలు కల్పించుచున్నది.

బీమా యున్నను, ఫలానావాడు ఆ పడవ ఎక్కెనని రుజువు కావలయును. టిక్కెట్టు లేని చంటిబిడ్డ పేరుకూడ జాబితాకు ఎక్కింపుడు. ఆ జాబితా ప్రతి ఒకటి రేవులోనే ఉంచవలెను. పడవలోనే ఉంచినచో అదియు పడవతోనే పోవును.