చిగుళ్లు దిగినపుడు ఏ చికిత్స?



పండ్లు పొడుగైనట్లు కనిపించుట, చన్నీరు త్రాగిన జివ్వుమనుట వయసు లక్షణములని మనము ఉపేక్షించుచున్నాము. నిజమునకు పెరిగినది పన్ను కాదు, తరిగినది చిగురు. పాచి గట్టిపడి గారయై చిగురును వాపజేయును. ఇటుకపొడితో గట్టిగా తోముటచే చిగురు అరగును. పొగాకు, మధుమేహము ఈ వ్యాధిని హెచ్చించును.

దిగిన చిగురు తనంతట తిరిగి పెరుగదు. కనుక చికిత్సను తూచి ఎన్నుకొనవలెను. చిగురు కొలదిగా దిగి బాధ లేనిచో, తోమువిధము మార్చుకొని వైద్యునికి చూపుచుండిన చాలును. జివ్వుమన్నచో వైద్యుడు పూయు ఫ్లోరైడు పూత ఉపశమనమిచ్చును. నెత్తురు కారుచున్నచో గారను చిగురు లోపలివరకు తీయించుట ప్రథమ కర్తవ్యము. గార తీసిన పండ్లు కదలునన్న భయము వట్టిది. గార కప్పియుంచిన సందులే అపుడు బయటపడును.

వేరు బాగుగా బయటపడినచో అంగిలినుండి కొంత కండ తీసి అతికెదరు. పండ్ల నడుమ ఎముక, చిగురు నిలిచియున్నచోట ఇది చక్కగా ఫలించును. అవి క్షీణించినచోట వేరు పూర్తిగా కప్పబడదు. పొగ త్రాగువారికి ఫలితము తక్కువ. ఖర్చుపెట్టుటకు ముందు ఈ సంగతి వైద్యునడిగి తెలిసికొనవలెను.

సంతలో పన్ను పీకించుకొనుట చౌకగా తోచును. కాని పోయిన పన్ను మరల మొలవదు; నమలలేని వృద్ధుడు జొన్నరొట్టెకే దూరమగును.

కావున మన పంచాయతీలు ఏటేట దంతవైద్యుని రప్పించి గ్రామస్థులకు పరీక్షలు జరిపింపవలెను. బడిపిల్లలకు మెత్తని బ్రష్షుతో తోమువిధము నేర్పింపవలెను. పన్ను కదలకముందే మేలుకొందము.